విశ్రాంత రక్షకభటుల వైద్యనిధి

ఏటేట అక్టోబరు 21వ తేదీన మన పోలీసు మైదానములందు తుపాకులు తలక్రిందులుగ పట్టి మృతవీరులకు వందన మర్పింతురు. 1959లో ఆ దినమున లడఖ్ సీమయందలి హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులకు పదిమంది రక్షకభటులు నేలకొరగిరి. వారిని స్మరించుట మన విధి. కాని మరణించినవానికి పూలమాల వేయు ప్రభుత్వము, ముప్పదియేండ్లకు పైగా కొలువుచేసి ప్రాణములతో ఇల్లు చేరినవానికి మందిప్పించుచున్నదా యని మేము ప్రశ్నించుచున్నాము.

రక్షకభటుడన్న మన జనులకు ప్రేమకంటె భయమే హెచ్చు. లాఠీదెబ్బల జ్ఞాపక మీ దేశమున ఇంకను మాసిపోలేదు. ఆ శాఖ తప్పులను ఖండించుటకు మేమెన్నడును వెనుదీయము. అయినను న్యాయము న్యాయమే. రాత్రి పహరా, కూడలియందలి ఎండ, బండ్ల పొగ, వేళతప్పిన తిండి, పండుగనాడును దొరకని సెలవు, ఇవన్నియు దేహముపై అప్పుగా నిలుచును. కొలువు ముగిసినపిదప ఆ అప్పు వడ్డీతో వసూలగును. దానిని తీర్చవలసినది ఎవరు? సేవ పొందిన సంఘము కాదా?

ప్రభుత్వ మేమియు చేయలేదని మేమనము. 1972 నాటి వైద్యసహాయ నియమముల క్రింద రోగి తొలుత సొమ్ము చెల్లించి, పిదప బిల్లు పెట్టుకొని ఎదురుచూచుట పరిపాటి. 2013లో ఉమ్మడి రాష్ట్రమున ఉద్యోగుల ఆరోగ్య పథకము వెలసినది. పింఛనుదారులకును చేతిసొమ్ము లేకయే చికిత్స యని వాగ్దానము జరిగినది. మంచిదే. కాని పిమ్మట ఆసుపత్రులకు బకాయిలు పేరుకొనుట, అవి చికిత్స నిలిపివేయుదుమనుట ఉభయ రాష్ట్రములందును పలుమారు జరిగినది. కార్డు జేబులో నున్నను మంచము దొరకని ముసలివానికి ఆ వాగ్దాన మేమి ప్రయోజనము?

లోపము దయలో లేదు, నిధిలో నున్నది. ఇందుకు అమెరికాయందలి డెట్రాయిట్ నగరమే సాక్షి. 2013 జూలైలో ఆ నగరము దివాలాకై న్యాయస్థాన మెక్కినది. అచటి విశ్రాంత పోలీసుల పింఛనుకై ముందునుండి కూడబెట్టిన ధనము కలదు. మిషిగన్ రాష్ట్ర రాజ్యాంగమున రక్షణవాక్యమును కలదు. వైద్యమునకో, ఏయేటి ఖర్చు ఆయేడు చెల్లించుటయే ఆచారము. ఫలితమేమి? ఏటేటి పెంపు తగ్గినను వారి మూలపింఛను నిలిచినది. వైద్యభీమా మాత్రము తెగిపోయి, దాని స్థానమున పరిమితమైన ధర్మకర్తల నిధి యొక్కటి మిగిలినది. నిధి వెనుకనున్న మాట నిలిచినది; నిధిలేని మాట నీటిమూట యైనది.

మన పోలీసులకీ సూత్రము క్రొత్తది కాదు. జీతమునుండి చందా తీసి ఆరోగ్యభద్రత యను పథకమును వారే నడుపుకొనుచున్నారు. ఆ త్రోవనే విస్తరింపవలయును. కొలువులో నున్నవాని చందాకు సమానముగ ప్రభుత్వము తన వాటాను నెలనెల జమకట్టవలయును. ఆ ధనము వేరొక ఖర్చునకు మరలరాదు. ధర్మకర్తలలో విశ్రాంతులకు స్థానముండవలయును. ఆసుపత్రి బిల్లులకు గడువును, లెక్కలకు ఏటేట ప్రకటనయు నుండవలయును.

ఖజానా భారమందురేమో. నేడు కొంచెము కొంచెముగ చెల్లింపనివాడు రేపు ఒక్కమారుగ చెల్లింపలేడు. ఉపాధ్యాయునికి, గుమాస్తాకు లేని ప్రత్యేకత రక్షకభటునికేల యందురేమో. వారికిని ఇట్టి నిధి కావలయుననియే మా మతము. అయితే వారు సంఘము కట్టి అడుగగలరు. 1966 నాటి చట్టము రక్షకభటుని సంఘస్వేచ్ఛకు హద్దులు విధించినది, ప్రదర్శనలకు పోవలదన్నది. కొలువులో నోరు కట్టబడినవాని పక్షమున పౌరుడు నోరు విప్పవలయును.

కావున పఠనమందిరములలో ఈ పుట చదువు పురజనులను మేము కోరునదొక్కటే. మీ శాసనసభ్యుడు ఓట్లకు వచ్చినపుడు, నిధిలో ఈ ఏడు ఎంత జమయైనదని అడుగుడు. మన నిద్రకు కావలి కాచినవాడు ఆసుపత్రి వాకిట బిల్లు చేతబట్టి నిలువరాదు.