నగరం – నీటి దారి

నగరానికి పటం గీసేవారు సాధారణంగా మొదట రహదారులను గీస్తారు. ఆ తరువాత నివాస స్థలాలను, అంగళ్ళను, కార్యాలయాలను గుర్తిస్తారు. మిగిలిన మూలలకు ఆకుపచ్చ రంగు అద్ది ఉద్యానవనాలని పేరు పెడతారు. వాన నీరు ఎటునుండి వచ్చి ఎటు పోతుందన్న ప్రశ్న చిట్టచివర వస్తుంది. ఒక్కొక్కప్పుడు అసలే రాదు. ఈ క్రమం తలకిందులు కావాలనీ, నీటి దారిని గుర్తించిన తరువాతనే మరే గీతనైనా గీయాలనీ నా అభిప్రాయం. ఇందుకు నిదర్శనాన్ని దూరాన వెదకనక్కరలేదు. హైదరాబాదు చరిత్రే చాలు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారు. ఆనాటి ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని సలహా కోసం ఆహ్వానించింది. ఆయన నగరంలోని గట్లను చూసి ఊరుకొనలేదు. నది ఎగువకు దృష్టి సారించారు. వరద ఎక్కడ పుడుతుందో అక్కడే దానిని నిలపాలని తలచి, మూసీపైన ఒకటి, దాని ఉపనది ఈసీపైన ఒకటి, రెండు జలాశయాలను ప్రతిపాదించారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తి అయ్యాయి. ఈలోగా 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకువాడల స్థానంలో విశాలమైన వీధులను, నివాస గృహాలను నిర్మించే పని చేపట్టింది. విపత్తు నాటి నుండి రెండవ జలాశయం పూర్తయ్యే వరకు 19 సంవత్సరాలు గడిచాయి. నడుమ ఒక నిజాం కాలం ముగిసి మరొకరి పాలన వచ్చింది. పని మాత్రం ఆగలేదు. ఐదేళ్ళ లెక్కలకు అలవాటుపడిన మనకు ఇది వింతగా తోచవచ్చు.

ఈ రెండు జలాశయాలకు తోడు, ఎగుడుదిగుడుగా ఉండే దక్కను నేలపై పూర్వులు తవ్వించిన చెరువులు ఉండేవి. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువ వెంట దిగువ చెరువును చేరేది. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. గొలుసులో ఒక్క లంకె తెగినా నీరు వీధుల పాలవుతుంది. ఈనాడు మాసబ్ ట్యాంకులో గాని, నల్లకుంటలో గాని పేరులో తప్ప చెరువు కనిపించదు.

చెరువులు ఎట్లా మాయమయ్యాయో తెలియాలంటే శిఖం భూమిని గురించి తెలుసుకోవాలి. వానాకాలంలో మునిగి, వేసవిలో బయటపడే చెరువు లోపలి నేలను శిఖం అంటారు. అందులో కొంత రైతుల పట్టాభూమి. నీరు తీసిన తరువాత వారు పంట వేసుకొని, తిరిగి వానలు రాగానే ఆ నేలను చెరువుకు వదిలేవారు. ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చేసరికి ఈ ఒప్పందం చెడింది. పట్టా ఉన్నది కనుక అమ్మారు. రిజిస్ట్రేషను జరిగింది కనుక కొన్నారు. ఇంటి నంబరు, కరెంటు మీటరు వచ్చాయి కనుక నిశ్చింతగా కాపురమున్నారు. కాగితాలన్నీ సక్రమమే. నీటికి మాత్రం చదువు రాదు!

2000 ఆగస్టులో బేగంపేట వద్ద ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగింది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ జలమయమైంది. 2025 సెప్టెంబరు చివరలో జంట జలాశయాల గేట్లు ఎత్తగా, నదీపాయల నడుమ కట్టిన మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోకి మూసీ ప్రవేశించింది. ప్రయాణికులను తరలించవలసి వచ్చింది.

ఇటువంటి రాత్రులలో ముందుగా మునిగేవి నాలాల అంచులలోని, మూసీ ఒడ్డులోని పేదల ఇండ్లు. తాపీపనివారు, ఇండ్లలో పాచిపని చేసే స్త్రీలు, తోపుడుబండ్లవారు లేనిదే నగరానికి ఒక పూట గడవదు. అయినా వారి నివాసానికి పటంలో చోటు చూపరు గనుక, ఇతరులు వద్దన్న పల్లంలో వారు గుడిసె వేసుకొంటారు. చెరువులను, ప్రభుత్వ స్థలాలను ఆక్రమణల నుండి కాపాడడానికి 2024లో హైడ్రా అనే సంస్థ ఏర్పడింది. దాని కృషి వలన అంబర్‌పేటలోని బతుకమ్మకుంట 2025లో తిరిగి నీటిని చూసింది; పూడిన కుంట బ్రతకగలదని తెలిసింది. ఇది మెచ్చదగిన పని. కాని అనుమతి ఇచ్చిన చేతులను ప్రశ్నించకుండా గోడను మాత్రమే కూల్చితే అది సగం న్యాయమే. నగరం చివర పక్కా ఇల్లు ఇచ్చి పంపినా, పని దొరికే వీధికి రెండు బస్సులు మారవలసివస్తే ఆ కుటుంబం మళ్ళీ నాలా అంచుకే చేరుతుంది. కనుక పనికి, బడికి దగ్గరలో ఇల్లు సిద్ధమైన తరువాతనే పాత ఇంటిని ముట్టుకోవాలి.

ఇక జలాశయాల ఎగువ ప్రాంతం సంగతి. 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో మరొక ఉత్తర్వు వాటిని సడలించింది. కృష్ణా, గోదావరి జలాలు నగరానికి అందుతున్నాయి గనుక ఈ జలాశయాలతో పని తీరిందని కొందరి వాదం. ఇవి తాగునీటి కంటె ముందు వరదను ఆపడానికి పుట్టినవని వారు మరచారు. ఎగువ నేల సిమెంటుతో కప్పబడితే వాన నీరు ఇంకక ఒక్కసారిగా జలాశయాలపై పడుతుంది. గేట్లు మరింత తరచుగా ఎత్తవలసివస్తుంది.

అయితే ఆ గ్రామాల రైతుల ఆవేదనలోనూ న్యాయమున్నది. పక్కనే గచ్చిబౌలిలో భూమి విలువ ఆకాశాన్ని అంటుతుండగా, నగరం క్షేమం కోసం వారు తమ భూమిని పొలంగానే ఉంచవలసివచ్చింది. దిగువన ఉన్నవారి రక్షణకు ఎగువవారు మూల్యం చెల్లిస్తున్నప్పుడు, ఆ మూల్యాన్ని నగరం ఏటేటా వారికి తిరిగి ఇవ్వాలి. అది ఎంతవుతుందో లెక్కకట్టి, ప్రతి వరదకూ మనం పంచే సహాయంతో, మరమ్మతుల ఖర్చుతో పోల్చి చూడడం కష్టమైన గణితమేమీ కాదు.