కురుమి సలహాలో తప్పేముంది?

మన ప్రేమకథల్లో మూడో మనిషి అంటే చాలాసార్లు హీరో మరదలో, హీరోయిన్ బావో అయ్యుంటారు. వస్తారు, అలుగుతారు, కాస్త గొడవ చేస్తారు, చివర్లో త్యాగం చేసి పక్కకి తప్పుకుంటారు. జపాన్ మాంగాల్లో వచ్చే మూడో మనిషి అంత గొడవ చేయరు. పక్కన కూర్చుని, నవ్వుతూ, హీరోయిన్‌కి సలహా చెప్తారు. అది ఇంకా ప్రమాదం.

ఈ వారం అలాంటి ఒక సలహా గురించి మాట్లాడుకుందాం. కథ పేరు ‘కిమి నీ తొదొకె’. అంటే సుమారుగా ‘నా మాట నీ దాకా చేరాలి’ అని. రచయిత్రి కరుహో షీనా. ‘బెస్సాత్సు మార్గరెట్’ అనే మాసపత్రికలో 2005లో మొదలై 2017 దాకా వచ్చింది. మొత్తం 30 సంపుటాలు. అమ్మాయిల కోసం వేసే మాంగాని అక్కడ ‘షోజో’ అంటారు. ఆ విభాగంలో 2008లో దీనికి కొదాన్షా మాంగా అవార్డు కూడా దక్కింది. యానిమేగా 2009లో వచ్చింది, మూడో సీజన్ 2024లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఇంకా చూడనివాళ్లుంటే ఇక్కడే ఆగి, చూసొచ్చాక మిగతాది చదవండి. కథ మొత్తం చెప్పేస్తున్నాను మరి.

హీరోయిన్ సవాకో. పొడవాటి నల్లటి జుట్టు, తెల్లగా పాలిపోయిన ముఖం, నవ్వడం సరిగ్గా రాదు. ‘రింగ్’ సినిమాలో దెయ్యం పేరు సదాకో కదా, క్లాసులో అందరూ ఈ అమ్మాయిని ఆ పేరుతోనే పిలుస్తారు. కళ్లలోకి చూస్తే చెడు జరుగుతుందని పుకారు. పాపం, ఆ పిల్లకి మాత్రం అందరికీ సాయం చేయాలని ఉంటుంది. ఆమెతో మామూలుగా మాట్లాడిన మొదటి అబ్బాయి కజెహయా. క్లాసులో అందరికీ ఇష్టమైన కుర్రాడు. అతని వల్ల ధైర్యం తెచ్చుకుని చిజురు, అయానె అనే ఇద్దరు అమ్మాయిలతో స్నేహం చేస్తుంది.

అప్పుడు వస్తుంది కురుమి. బొమ్మలా ఉంటుంది, మాట తీయగా ఉంటుంది. మిడిల్ స్కూల్ నుంచీ కజెహయా అంటే ఇష్టం. సవాకోతో స్నేహంగా మాట్లాడి, ఒకరోజు అడిగేస్తుంది: నాకు కజెహయా అంటే ఇష్టం, నువ్వు నాకు సాయం చేస్తావా అని. ఎవరు ఏది అడిగినా కాదనని సవాకో ఈ ఒక్కటి మాత్రం చేయలేనంటుంది. కజెహయా తనకి ప్రత్యేకం అని చెప్తుంది. కురుమికి పక్కా అర్థమైపోయింది, ఈ పిల్ల పోటీలో ఉందని. అయినా కోప్పడదు. సలహా ఇస్తుంది.

సలహా ఏంటంటే: నువ్వు కజెహయా తప్ప వేరే అబ్బాయితో మాట్లాడిందే లేదు కదా, మరి ఇది ప్రేమో కాదో నీకెలా తెలుస్తుంది? ఇంకో అబ్బాయితో కూడా మాట్లాడి చూడు, పోల్చుకో, అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు చెప్పండి, ఈ మాటలో తప్పేముంది? నన్నడిగితే ఏమీ లేదు. ఇదే మాట వాళ్ల అక్క చెప్పుంటే, మనం ‘కరెక్టే కదా’ అనుకునేవాళ్లం. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే సవాకో దగ్గర ఉన్నది ఒకే ఒక్క శాంపిల్. ఒక్క శాంపిల్‌తో ఏదీ తేల్చకూడదని ఎవరైనా చెప్తారు. కురుమి అబద్ధం చెప్పలేదు. సవాకోలో నిజంగా ఉన్న లోటునే పట్టుకుంది. అందుకే ఆ సలహాకి అంత బలం.

ఇంకో విషయం గమనించండి. కురుమి తన ప్రేమని దాచలేదు. తను పోటీదారు అన్న సంగతి సవాకోకి ముందే తెలుసు. దాచింది తర్వాత జరగబోయేదాన్ని. సలహా విన్న సవాకో, ర్యూ అనే క్లాస్‌మేట్‌తో మాట్లాడడానికి వెళ్తుంది. సరిగ్గా అప్పుడే కజెహయా ఆ దృశ్యం చూసేలా కురుమి ఏర్పాటు చేస్తుంది. అంటే సలహా చెప్పింది సవాకోకి, సీన్ చూపించాలనుకున్నది కజెహయాకి. సవాకో ఏం నేర్చుకుంటుంది అన్నది కురుమికి అక్కర్లేదు. అతను చూసి ఏమనుకుంటాడన్నదే కావాలి.

నాకు ఈ ఘట్టంలో కీలకం ఇదే అనిపిస్తుంది. రహస్య ఉద్దేశం ఉన్న సలహాని మాటల్లో వెతికితే దొరకదు. మాటలు శుభ్రంగానే ఉంటాయి. ఆ సలహా పాటించాక మనం ఎక్కడ నిలబడి ఉంటాం, ఎవరు చూస్తూ ఉంటారు అన్న చోట దొరుకుతుంది.

మరి ప్లాన్ ఏమైంది? పూర్తిగా ఎదురు తిరిగింది. కజెహయా అసూయతో ఉడికిపోయాడు కానీ సవాకోని వదిలేయలేదు. సవాకో అయితే, చెప్పినట్టే బుద్ధిగా పోల్చుకుంది. ర్యూతో మాట్లాడినప్పుడు మామూలుగానే ఉంది. కజెహయా దగ్గర ఉన్నప్పుడు కలిగేది వేరు. అంటే ఇది ప్రేమే అని మొదటిసారి ఆమెకి స్పష్టంగా తెలిసింది కురుమి సలహా వల్లే! చెడ్డ ఉద్దేశంతో ఇచ్చిన మంచి సలహా, మంచి సలహా చేసే పనే చేసింది.

ఇక రెండో ఏడాది క్లాసులోకి కెంతో మియురా అనే అబ్బాయి వస్తాడు. ఇతను కురుమికి పూర్తి వ్యతిరేకం. సరదా మనిషి, చెడు ఆలోచన లేదు. సవాకో నలుగురితో కలవడానికి చిట్కాలు చెప్తాడు, ఆమె అతన్ని గురువుగారిలా చూస్తుంది. కజెహయా విషయంలో ఆమె బాధపడుతుంటే చూడలేక, వదిలేయడం మంచిదేమో అని సలహా ఇస్తాడు. అటు కజెహయాతో కూడా మాట్లాడతాడు. ఫలితం ఏంటంటే, ఒకరంటే ఒకరికి ప్రాణమైన ఇద్దరూ ‘అవతలి మనిషికి నేనంటే ఇష్టం లేదు’ అని నమ్మేసే స్థితికి వస్తారు.

కెంతోకి కుట్ర లేదు. కానీ అతనికి సవాకో మీద మెల్లగా ఇష్టం మొదలైంది. అది అతనికే సరిగ్గా తెలియదు. తన సలహా ఎటు మొగ్గుతోందో చూసుకోలేదు. కురుమి ఉద్దేశాన్ని మనకి దాచింది, కెంతో ఉద్దేశం కెంతోకే దాక్కుంది. నిజ జీవితంలో ఎక్కువ తగిలేది రెండో రకమే అని నా అనుమానం. హాస్టల్లో ‘ఆ అబ్బాయి నీకు సెట్ కాడే, వదిలెయ్’ అన్న రూమ్మేట్ కావచ్చు, ‘ఇంకో ఏడాది ఆగి టీమ్ మారు తమ్ముడూ’ అన్న సీనియర్ కావచ్చు. వాళ్లందరూ విలన్లు కాదు. మనం ఆగితే వాళ్లకి కొంచెం హాయి, అంతే. ఆ హాయిని వాళ్లు ‘నీ మంచి కోసమే’ అని నిజాయితీగా నమ్ముతారు.

మాంగాలో మనకి ఒక సౌకర్యం ఉంది. పైకి అన్న మాట బెలూన్‌లో ఉంటుంది. మనసులో అనుకున్నది షోజో మాంగాల్లో తరచుగా బెలూన్ లేకుండా బొమ్మ మీద తేలుతూ ఉంటుంది. సవాకో అటు తిరగగానే కురుమి ముఖం ఎలా మారిందో మనకి కనిపిస్తుంది. మన పక్కన కూర్చుని సలహా చెప్పేవాళ్ల మనసు అలా గాల్లో రాసి ఉండదు. అందుకే మనం రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తాం. అయితే చెప్పినదల్లా నమ్ముతాం, లేదంటే ‘వాడికి కుళ్లు’ అని మొత్తం కొట్టిపారేస్తాం.

రెండో తప్పుకి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. ‘శల్యసారథ్యం’ అనే మాట మనం రోజూ వాడతాం. కర్ణుడి రథం తోలుతూ అతని ధైర్యం దెబ్బతీస్తానని శల్యుడు ముందే ధర్మరాజుకి మాటిచ్చాడు. దారంతా అర్జునుణ్ని పొగుడుతూ కర్ణుణ్ని తిడుతూనే ఉన్నాడు. కానీ కర్ణుడు సర్పబాణం ఎక్కుపెట్టినప్పుడు అదే శల్యుడు, ఈ బాణం అర్జునుడి మెడకి తగలదు, వేరేది చూసి వెయ్యమన్నాడు. కర్ణుడు వినలేదు, రెండోసారి గురిపెట్టనన్నాడు. కృష్ణుడు రథాన్ని కిందికి అణిచాడు, బాణం కిరీటాన్ని ఎగరగొట్టి పోయింది. అప్పటిదాకా విన్న సూటిపోటి మాటలు లేకపోతే ఆ ఒక్క మాట కర్ణుడి చెవికెక్కేదేమో!

సవాకో చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చెప్పిందెవరో పక్కన పెట్టి, చెప్పినదాన్ని తనే పరీక్షించి చూసుకుంది. ర్యూతో మాట్లాడింది తనే, తేడా తెలుసుకుంది తనే, చివరి మాట తన మనసుదే. కెంతో దగ్గర ఆమె తడబడింది ఇందుకే. ‘పోల్చి చూడు’ అన్న సలహాని పరీక్షించొచ్చు. ‘వదిలెయ్’ అన్నదాన్ని ఎలా పరీక్షిస్తాం? వదిలేస్తే ఇక చూడడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఎవరు సలహా ఇచ్చినా నేను ముందు చూసుకునేది ఒకటే: ఇది నాకు ఇంకొంచెం తెలిసేలా చేస్తుందా, లేక తెలుసుకునే దారినే మూసేస్తుందా? మొదటి రకమైతే శత్రువు చెప్పినా పనికొస్తుంది. రెండో రకమైతే ప్రాణస్నేహితుడు చెప్పినా ఒక రోజు ఆగుతాను.

కురుమి కథ అక్కడితో అయిపోలేదు. సవాకో పేరు మీద చిజురు, అయానెల గురించి పుకార్లు పుట్టించింది కూడా తనే అని బయటపడుతుంది. తర్వాత కజెహయాకి తన ప్రేమ చెప్తుంది. అతను కాదంటాడు. ఎన్నేళ్ల ఆశ అది! ఇక దాచుకోవడానికి ఆమె దగ్గర ప్లాన్ ఏదీ మిగల్లేదు. చాలా రోజుల తర్వాత, సవాకో, కజెహయా అపార్థాలతో దూరమై ఉన్నప్పుడు, సవాకోని నిలదీసేది మళ్లీ ఈ కురుమే. నేను చెప్పి ఓడిపోయాను, నువ్వు అసలు చెప్పావా అన్నది ఆ గద్దింపు సారాంశం. మాటలో తీపి లేదు, ముఖంలో నవ్వు లేదు. కెంతో మూసిన తలుపుని ఆ మాటే తెరిచింది.

ముందు సలహా, తర్వాత సలహా, రెండూ ఒకే నోటి నుంచి వచ్చినవే. రెండూ సవాకోకి పనికొచ్చినవే. కాకపోతే రెండోది చెప్పినప్పుడు చాటు నుంచి చూడ్డానికి ఎవర్నీ తీసుకురాలేదు. వాళ్లిద్దరూ తర్వాత నిజంగానే స్నేహితులయ్యారు. కురుమినే హీరోయిన్‌గా పెట్టి రచయిత్రి 2018లో ఇంకో కథ మొదలుపెట్టారు. విలన్‌కి అలాంటి అవకాశం అరుదుగా దొరుకుతుంది.

మీకు ఈ మధ్య ఎవరైనా ఏదైనా వదిలెయ్యమని చెప్పారా? చెప్పిన మనిషి మీద కోపం తెచ్చుకోకండి. వదిలే ముందు మాత్రం ఒకసారి అడగాల్సిన వాళ్లని నేరుగా అడిగి చూడండి.