చేతికి డబ్బిస్తే తాగేస్తామా?

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు భవానీపురం ఇళ్లలోకొస్తే పులిహోర పొట్లాలు పంచారు. ఆకలి మీదున్నాం, తిన్నాం. నీళ్లు తీశాక? తడిసిన కుట్టుమిషను పులిహోరతో బాగవుతుందా? అద్దె తీరుతుందా?

‘డబ్బిస్తే తాగేస్తారు’ అంటారు పెద్దమనుషులు. మా తాతల పాలేరుతనానికి గింజలే కొలిచి, చేతికి పైసా రానివ్వని నోళ్లే ఇవి. దూరాన కెన్యా పల్లెల్లో పేదలకు నేరుగా నగదిచ్చి లెక్కలు తీశారు. తాగుడు పెరగలేదు. ఇళ్లమీద రేకులు, దొడ్లో పశువులు పెరిగాయి.

ఆ వరదకే ప్రభుత్వం మునిగిన కింది ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు ఖాతాల్లో వేసింది. ఆ దారి మంచిదే.

దాతలారా, మళ్లీ ముంపొస్తే మీరూ అదే పట్టండి. ఫొటోకి మా ఆడోళ్లని వరసలో నిలబెట్టకండి. నోటు ఆమె చేతిలోనే పెట్టండి. అద్దెకున్నోళ్లెవరో తెలీదంటారా? గడపగడపకీ తిరిగి పేర్లు మేమే రాసిస్తాం.