కచేరీ కాదు, క్లాసు చూపించాలి

గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లకు ఏప్రిల్ అంటే కొత్త చదువుల నెల. అందుకు రెండు మూడు నెలల ముందు నుంచే టీచర్ల ప్రకటనలు, ఇంటర్వ్యూలు మొదలవుతాయి. లెక్కలు, సైన్సు టీచర్ల సరసన 'మ్యూజిక్ టీచర్ కావలెను' అన్న చిన్న లైను కూడా కనబడుతుంది. ఒక్క యూఏఈలోనే సీబీఎస్ఈ స్కూళ్లు వందకు పైగా ఉన్నాయి. స్కూలుకు ఒక్కరే అనుకున్నా తక్కువ ఉద్యోగాలేమీ కావు. అయినా ఆ లైను చూసి 'మనకెందుకులే' అని పేజీ తిప్పేసేవాళ్లే మనలో ఎక్కువ. ధైర్యం చేసి వెళ్లినవాళ్లలో కొందరు డెమో క్లాసు దగ్గరే ఆగిపోతున్నారు.

మన దగ్గర సంగీతానికి కొదవ లేదు. విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది. హైదరాబాద్‌లో, విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా పూర్తిచేసి, పెళ్లయ్యాక భర్త వీసా మీద షార్జాకో అజ్మాన్‌కో వచ్చి, ఆ కాగితాలను బీరువాలో పెట్టేసిన ఆడపడుచులు ఎందరో. పగలంతా షాపులో క్యాష్ చూసుకుని, సెలవు రోజు భజనలో హార్మోనియం ముందు కూర్చునే అన్నదమ్ములూ ఉన్నారు. విద్యార్థిగా చేరదామని విజయనగరం వెళ్లిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనం విని, ఆయన్ను ఏకంగా అధ్యాపకుడిగానే వేసుకున్నారని మన పెద్దలు చెబుతారు. అలా విని వేసుకునే రోజులు కావివి. ఇప్పటి ప్రిన్సిపాల్ మీ పాట వినడం కంటే ముప్పై మంది పిల్లలు మీ దగ్గర ఎలా కూర్చుంటారో చూస్తారు.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. డెమోకి పదిహేను ఇరవై నిమిషాలిస్తే, అందులో పది నిమిషాలు కళ్లు మూసుకుని కీర్తన పాడేస్తారు. గొంతు బాగుందంటారు, ఉద్యోగం మాత్రం ఇంకొకరికి ఇస్తారు. మూడో తరగతి పిల్లలకు ఆ పది నిమిషాల్లో చేసే పనేమీ ఉండదు కదా! అదే ఆది తాళం చేతిలో వేయించండి. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. ఎనిమిది అంకెలు. క్లాసును రెండు జట్లు చేసి, ఒక జట్టు తాళం వేస్తుంటే రెండో జట్టు చేత స రి గ ప ద పాడించండి. మోహనం ఐదు స్వరాలే కాబట్టి పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది. ఉత్తరాది పిల్లలు, టీచర్లు ఉంటే ఇదే మీ భూప్ అని ఒక్క మాట చెప్పండి, వాళ్ల ముఖాలు విప్పారతాయి. మీ శృతికి వాళ్లను లాగకండి. పిల్లల గొంతు ఎక్కడ హాయిగా పలుకుతుందో అక్కడ మొదలుపెట్టండి. డెమో అయ్యేసరికి పిల్లలకు కొత్తగా ఏదో ఒకటి వచ్చి ఉండాలి, చిన్నదైనా సరే.

కీబోర్డు రాదని భయపడేవాళ్లకు ఒక మాట. సి నుంచి సి దాకా తెల్ల మెట్లు వరసగా నొక్కితే వచ్చేది మన శంకరాభరణమే. రోజుకు అరగంట చొప్పున నెల కూర్చుంటే అసెంబ్లీ పాటలకు సరిపడా వస్తుంది. జనగణమన 52 సెకన్లలో ముగిసేలా పాడించగలగాలి. ఎమిరేట్స్‌లో అయితే పొద్దున్నే ఆ దేశ జాతీయగీతం కూడా ఉంటుంది. దాన్ని ముందే నేర్చుకుని వెళ్లినవాళ్లంటే స్కూలుకు గౌరవం. ఇంగ్లీషు విషయానికొస్తే, క్లాసు నడపడానికి కావలసినవి పాతిక వాక్యాలకు మించవు. వినండి, నాతో పాటు అనండి, ఇప్పుడు మీ వంతు... ఇలాంటివే. ఇంట్లో పిల్లల ముందు నాలుగు రోజులు అలవాటు చేసుకుంటే చాలు.

'మా పిల్లాడి చేత పాడించొద్దని తల్లిదండ్రులు అంటే ఏం చేస్తారు?' అని అడగొచ్చు. పలు మతాలవాళ్లు చదివే స్కూళ్లలో వచ్చే నిజమైన సమస్యే ఇది. వాదనకు దిగబోమని, సూపర్‌వైజర్‌కు చెప్పి, ఆ పిల్లాడికి ఇంకో పని అప్పగిస్తామని చెప్పడమే సరైన జవాబు. డెమోకి కూడా దేవుడి పాట కాకుండా చెట్టు, వాన, స్నేహం లాంటి పాట ఎంచుకోవడం మేలు.

ఇక కాగితాలు. ఇంటర్వ్యూ గెలిచాక కూడా ఇక్కడ జారిపడేవాళ్లున్నారు. మామూలుగా డిగ్రీ కూడా అడుగుతారు, సంగీతం డిప్లొమా ఒక్కటే చాలుతుందనుకోవద్దు. ఏ అర్హత కావాలో స్కూల్నే ముందుగా అడగండి. ఆ సర్టిఫికెట్ మీద రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీలోని విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ, ఆఖరున ఇక్కడి విదేశాంగ శాఖ ముద్రలు పడాలి. దీనికి వారాలు పడుతుంది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు గొడవ ఇంకొకటి. సర్టిఫికెట్‌లో 'కె' అని పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయినవాళ్లకు అత్తింటిపేరు. మూడూ ఒక్కరివేనని రుజువు చూపాల్సి వస్తుంది. ఈసారి సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడే ఆ పని చూసుకోవాలి.

డబ్బు అడిగేవాడి దగ్గరకు వెళ్లొద్దు. ఉద్యోగంలో పెట్టుకున్నందుకు యజమాని కార్మికుడి దగ్గర ఖర్చులు వసూలు చేయకూడదని యూఏఈ 2021 నాటి కార్మిక చట్టం చెబుతోంది. భర్త వీసా మీద ఉన్నవారికీ వర్క్ పర్మిట్ తప్పనిసరి. 'ముందు చేరండి, పర్మిట్ తర్వాత చూద్దాం' అనే స్కూలుకు నమస్కారం పెట్టి వచ్చేయడమే క్షేమం.

మన తెలుగు సంఘాలు ఉగాదికి ఊరి నుంచి గాయకులను రప్పిస్తాయి, సంతోషం. ఆ ఖర్చులో పిసరంత పక్కన పెట్టి, జనవరిలో ఒక శుక్రవారమో ఆదివారమో ఇక్కడే స్కూళ్లలో పనిచేస్తున్న సంగీతం టీచర్లను పిలిచి, కొత్తవాళ్ల చేత డెమో చెప్పించి తప్పొప్పులు దిద్దిస్తే ఎంత బాగుంటుంది!

చివరగా జీతం సంగతి. అడగడానికి మొహమాటపడి, చేరాక ఏడ్చినవాళ్లున్నారు. జులై, ఆగస్టు సెలవులకు జీతం ఇస్తారా, వారానికి ఎన్ని పీరియడ్లు, వార్షికోత్సవం రిహార్సళ్లకు సాయంత్రాలు ఉండాలా, మన పిల్లలను అదే స్కూల్లో వేస్తే ఫీజులో ఎంత తగ్గిస్తారు... ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న వాళ్లకు ఒక్కోసారి జీతం కంటే ఆ ఫీజు రాయితీయే పెద్ద మొత్తం.