కాయకష్టం వేరు, కసరత్తు వేరు

"పొలం పని చేసేవాడికి కసరత్తెందుకండీ?" అన్న మాట మా నూజివీడు ప్రాంతంలో వేదవాక్కులా చెలామణి అవుతూ ఉంటుంది. 48 కిలోల కెటిల్‌బెల్ ఎత్తే కుర్రవాణ్ణి చూసి, "ఆ ఓపికేదో మామిడికాయల లారీ దగ్గర చూపించరాదూ, నాలుగు డబ్బులైనా వస్తాయి" అని నవ్వే పెద్దలున్నారు. నిరపాయకరమైన పరిహాసమని దీన్ని వదిలేయడం నా వల్ల కాదు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి తోటల్లో జరిగే పనిని గమనించండి. చిక్కంతో కోసిన బంగినపల్లి, చిన్నరసం కాయలు ట్రేలకెక్కుతాయి. ఆ ట్రేలను పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఒకే భుజం మీద మోస్తూ, ఒకే వైపుకు నడుము తిప్పుతూ లారీ నింపాలి. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎప్పుడు విశ్రాంతి అన్నవి లారీ నిర్ణయిస్తుంది, మోసేవాడి శరీరం కాదు. దీనివల్ల ఓర్పు అలవడుతుంది, కాదనను. బలం పెరగడానికి మాత్రం క్రమక్రమంగా హెచ్చే భారమూ, ఆపైన చాలినంత విరామమూ, తిండీ కావాలి. కూలిపనిలో ఆ మూడూ ఉండవు. మనిషి మోసే బరువు 55 కిలోలు దాటరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. నడుము పట్టేసిన హమాలీని "ఉక్కుమనిషి" అని పొగిడి ఊరుకోవడం కన్నా క్రూరత్వమేముంది?

పెద్ద కెటిల్‌బెల్ పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. అయిదుసార్లు ఎత్తి, దించి, మూడు నాలుగు నిమిషాలు ఊరక కూర్చోవడమే. (ఆ కూర్చోవడమే మన పెద్దల కంటికి సోమరితనంగా కనబడుతుంది!) దాని భారకేంద్రం పిడికిట్లో ఉండదు, పిడి కింద వేలాడుతుంది. కనుక అది ప్రతిక్షణం మణికట్టును లాగుతూనే ఉంటుంది. చిన్న గుండునైతే చేతుల బలంతో మోసం చేసి ఊపవచ్చు. 48 కిలోల దాన్ని తుంటి, తొడలు కదలకుండా ఊపడం అసాధ్యం. 16తో మొదలుపెట్టి 24, 32 దాటాకనే అక్కడికి చేరాలని వేరే చెప్పనక్కరలేదు.

"మన సంగిడి రాళ్ళ ముందు ఈ రష్యా ఇనుమెంత?" అనే స్వదేశాభిమానులు మరికొందరు. అయ్యా, వారిదీ సంతలో పుట్టిన వస్తువే. 16 కిలోల పైచిలుకు తూగే "పూద్" కొలతతో ధాన్యం తూచిన తూకపు గుండ్లవి. మన ఉత్తరాంధ్ర యువకులు సంగిడి ఎత్తినా, వారు గిర్యా ఎత్తినా కండకు తెలిసేది బరువొక్కటే. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తినాయుడు వ్యాయామశాలలో సాధన చేసి మల్లుడైనాడు, బస్తాలు మోసి కాదు.

ఇక "ఆడపిల్లలకు బరువులా?" అన్న ప్రశ్న. శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన తరువాత కూడా ఈ ప్రశ్న చావలేదు. నెత్తిన మామిడి ట్రేతో గట్లు దాటే పిల్లను చూసి ఏమీ అనని నోళ్ళు, అదే పిల్ల 16 కిలోల ఇనుము పట్టుకుంటే మాత్రం దాని నడుము గురించి బెంగపడతాయి.