తెరమీది కత్తియు, మన జేబులోని నోటును

సినిమాహాలులో కథానాయకుడు లంచగొండిని నరుకుచుండగా చప్పట్లు కొట్టువారెవరు? సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని ఆ చప్పట్లు మనవే. వడ్ల సొమ్ము చేతికి వచ్చిన వారములో పల్లెలనుండి బయలుదేరి వచ్చిన మనమే. ఉదయమున ఒక కార్యాలయములో గుమాస్తా చేయి తడిపి, సాయంత్రము అట్టి గుమాస్తా చావును తెరమీద చూచి, కడుపు చల్లబడెనని యింటికి పోవుచున్నాము. ఈ రెండు పనులు ఒక్క దినమున ఒక్క మనుష్యుడు చేయుట మీకు వింతగా తోచలేదా?

ఈ జాతి చిత్రములు క్రొత్తవి కావు. 1996లో వచ్చిన 'భారతీయుడు'లో వృద్ధుడైన స్వాతంత్ర్య సమరయోధుడు లంచగొండులను పొడిచి చంపును. తుదకు కన్నకొడుకును సహా విడువడు. 2003 నాటి 'ఠాగూర్'లో ఒక అధ్యాపకుడును అతని శిష్యులును తహశీల్దార్లను ఎత్తుకొనిపోయి, వారిలో మిక్కిలి తిన్నవానిని చంపుదురు. 2014లో 'ప్రతినిధి' వచ్చెను. దానిలో అంత హంగు లేదు; సామాన్యుడొకడు ముఖ్యమంత్రిని బంధించి ప్రజాధనమునకు లెక్కలడుగును. మూడింటిలో నాకు కొంత నచ్చినది ఇదే. బంధించుట తప్పేగాని, కత్తికంటె ప్రశ్నకు ఎక్కువ చోటిచ్చినది. అంతకు చాలా ముందు ఇదే సినిమా అల్లు రామలింగయ్య నోట 'అమ్యామ్యా' అనిపించి, లంచమును చూచి మనలను నవ్వించెను. మొదట నవ్వించినది, తరువాత నరికించినది. ఇచ్చిన చేతిని చూపిన చిత్రములు మాత్రము బహు స్వల్పము. టిక్కెట్టు కొనువాడు ఆ చేతిగలవాడే గదా, వానిని నొప్పించుటెట్లు?

"అది కథేగదా, కడుపుమంట తీర్చుకొంటే తప్పేమి?" అందురేమో. కడుపుమంట నిజమే. పాసుపుస్తకము కొరకు చెప్పులరుగునట్లు తిరిగినవాని కోపమును నేను హేళన చేయను. 'భారతీయుడు'లో తండ్రి లంచమియ్యనందున కుమార్తె చికిత్స లేక చనిపోవు ఘట్టము చూచి కన్నీరు పెట్టనివాడు రాయియే. అయితే ఆ కోపము తెర దిగి వీధిలోనికి వచ్చిన దినమున ఏమాయెనో జ్ఞాపకము చేసికొనుడి. 2019 నవంబరు 4వ తేదీన, మన హైదరాబాదు రోడ్డు ప్రక్కనే యున్న అబ్దుల్లాపూర్‌మెట్టు కార్యాలయములో, భూమి తగవు పెట్టుకొనిన యొకడు మహిళా తహశీల్దారుపై పెట్రోలు పోసి నిప్పంటించెను. ఆమె అక్కడనే కాలిపోయెను. ఆమెను కాపాడబోయిన డ్రైవరు మరునాడు మరణించెను. నిప్పు పెట్టినవాడును కాలిన గాయములతోనే కొద్ది దినములలో చనిపోయెను. సినిమా చూచి అతడాపని చేసెనని నేననను. ఆమె లంచగొండియని ఏ న్యాయస్థానమును తేల్చలేదు. ఆ గృహములలో ఏడ్పు మిగిలెను. ఒక్క గుంట భూమియైనను దానివలన ఎవరి పేరికిని ఎక్కలేదు.

మరి ఇచ్చువాని సంగతి చూతము. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించిరి. లంచమిచ్చువాడును నేరస్థుడేయని, ఏడేండ్లవరకు శిక్ష పడవచ్చునని అందులోనున్నది. బలవంతము మీద ఇచ్చినవాడు ఏడు దినములలోపల అధికారులకు తెలిపినయెడల తప్పించుకొనును. ఈ భేదము న్యాయమైనదే. పింఛను ఆగిపోవునని వణకుచు ఐదువందలు పెట్టిన విధవరాలును, వరుసలో తనకంటె ముందున్న నలుగురిని త్రోసివేయుటకు ఐదువేలు పెట్టిన ఆసామియు ఒక్కటి కారు. రెండవవాడు తన కార్యము మాత్రమే కొనలేదు, ఆ నలుగురి వంతును దొంగిలించెను. మందిరపు స్థలము కాగితముల కొరకు కానుకపెట్టెలోనుండి ఇట్టి సొమ్ము తీయుదమను పెద్దలెవరైన నుండినయెడల, ఆ పెట్టెలో వేసిన కూలివారిని ముందుగా అడిగి తీయవలెను.

అధిపతియైన ఫేలిక్సు పౌలునొద్ద ద్రవ్యము దొరకునని ఆశించి మాటిమాటికి పిలిపించుచుండెను. పౌలు ఇయ్యలేదు, రెండేండ్లు చెరలోనే యుండెను. కత్తి పట్టినవాడును కాడు. క్రొత్త అధిపతి వచ్చినప్పుడు, రోమా పౌరునిగా తనకున్న హక్కునుబట్టి కైసరుకు విన్నవించుకొనెను. నెమ్మదియైన మనుష్యుడు చట్టమును చేతపట్టుట ఇదే. దీనిని సినిమా తీయువారు తక్కువ, ఏలయనగా ఇందులో రక్తము లేదు.

మన చేతికిని అట్టి హక్కులున్నవి. 2005 నాటి సమాచార హక్కు చట్టముక్రింద పది రూపాయలకు మించని రుసుముతో, నా దరఖాస్తు ఎవరి బల్లమీద ఎన్ని దినములుగా నున్నదని అడుగవచ్చును; ముప్పది దినములలో జవాబియ్యవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ రుసుమును లేదు. లంచమడిగినవానిపై ఏసీబీకి 1064 నంబరున ఫోను చేయవచ్చును. వారు నోట్లకు తెల్లని పొడి రాసి ఫిర్యాదుదారుని చేతికిత్తురు. అధికారి ఆ నోట్లు ముట్టిన పిమ్మట అతని వ్రేళ్లను సోడా కలిపిన నీళ్లలో ముంచగా ఆ నీళ్లు గులాబిరంగు తిరుగును. ఆ గాజుపాత్ర సాక్ష్యముగా న్యాయస్థానమునకు పోవును. తీర్పునకు ఏండ్లు పట్టును, నిజమే. సాక్షులు మధ్యలో జారిపోదురు, అదియు నిజమే. జారిపోవు సాక్షులు ఎవరు? కత్తి చూచి చప్పట్లు కొట్టినవారిలో అనేకులు వారే.

మీ సంఘములో కాగితము కొరకు తిరుగుచున్న దిక్కులేని స్త్రీ యెవరో మీకు తెలియును. సోమవారము కలెక్టరు కార్యాలయములో ప్రజావాణి జరుగును. కోదాడ వారికి సూర్యాపేట, మిర్యాలగూడ వారికి నల్లగొండ. ఆమెతోకూడ చదువు వచ్చినవారు ముగ్గురు బస్సెక్కుడి. అర్జీకి నకలు ఉంచుకొనుడి, రసీదు లేకుండ తిరిగి రావద్దు.