మంచిగైంది గదా, ఇగ ఎందుకు?

బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల ఇళ్లలో 'పైసల్లేవు' అనే మాటకన్నా నేను ఎక్కువ భయపడేది 'మంచిగైంది గదా' అనే మాటకు.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ లుకేమియాలో మొదటి నెల మందులకే జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి పరీక్షలో జబ్బు కణాలు కనబడకుండా పోతాయి. కనబడవంతే, లేవని కాదు. అందుకే వైద్యం రెండేళ్లు దాటి సాగుతుంది. ఆ కాలంలో ఎక్కువ భాగం పిల్లవాడు బడికి పోతూనే ఉంటాడు. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్, మధ్యమధ్య వెన్నులో సూది. ఆడుకుంటున్న బిడ్డకు ఆ సూది పొడిపించడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? మానేస్తే తిరగబెడుతుంది. తిరగబెట్టింది మొదటిసారంత తేలిగ్గా లొంగదు.

ఆ మెథోట్రెక్సేట్ మనకు పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మందు. దానికి ముందు వచ్చిన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లలకు జబ్బు తగ్గిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు పోయిందీ ఆ ఏడే. ఆ పిల్లలకు కొన్ని నెలలకే తిరగబెట్టింది, అంతకు మించిన మందు అప్పుడు లేదు. మన పిల్లలకు మందు ఉంది. దానికోసం పోవాల్సిన దారే దూరం.

కోదాడ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి దాదాపు 180 కిలోమీటర్లు. ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలైంది. తల్లికి బస్సు ఉచితం. క్యాన్సర్ రోగులకు రైల్లో రాయితీ కూడా ఉంది. అది మిర్యాలగూడ వాళ్లకు పనికొస్తుంది, సూర్యాపేటలో కోదాడలో అసలు స్టేషనే లేదాయె! చీకటితో బయల్దేరి, రక్తమిచ్చి, రక్తకణాల కౌంట్ తక్కువుంది, వచ్చే వారం రమ్మంటే మళ్లీ బస్సెక్కాలి. రైసుమిల్లు హమాలీకి ఆ రోజు కూలి ఏ కార్డూ ఇవ్వదు.

అదే ఆరు నెలల టీబీ మందు మధ్యలో ఆపితే ఆశా కార్యకర్త గడప తొక్కుతుంది. టీబీ రోగుల లెక్క ఉండే సర్కారు పోర్టల్ నిక్షయ్‌లో పేరుంటుంది, తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి. టీబీ పక్కింటికి అంటుకుంటుంది కాబట్టి సర్కారు వెంటపడుతుంది. లుకేమియా అంటుకోదు మరి!

అయినా వెంటపడితే ఏమవుతుందో బ్రెజిల్‌లోని రెసిఫీ చూపింది. అక్కడ 1980ల్లో లుకేమియా పిల్లల్లో 16 శాతం మధ్యలో మానేసేవారు. ఉండడానికి బస, దారిఖర్చులు, రానివాళ్లను వెతికి పట్టుకునే మనుషులు ఏర్పడ్డాక 2002 నాటికి అది ఒక శాతం లోపుకు దిగింది. సూర్యాపేటలో 2019 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ నడుస్తోంది. రక్తపరీక్ష అక్కడ చేసి, ఫలితం హైదరాబాద్ డాక్టరుకు పంపి, మాత్రల మోతాదు ఫోన్లో చెప్పించడం గొప్ప సాంకేతికతేం కాదు. వరుసగా నాలుగు వారాలు రాకుంటే వైద్యం మానేసినట్టని అంతర్జాతీయ నిపుణుల లెక్క. అన్నాళ్లు ఆగడమెందుకు? తారీఖు తప్పిన మర్నాడే ఆ ఇంటికి ఫోను పోవాలి, వారంలోగా ఆశా కార్యకర్త పోవాలి.

అంతదాకా మీ వాడకట్టులో గుండుతో, మాస్కుతో ఓ పిల్లవాడు కనిపిస్తే 'మంచిగైంది గదా' అనకండి. 'మళ్లీ ఎప్పుడు రమ్మన్నరు?' అని అడగండి.